‘ఆర్.ఎఫ్.ఐ. 1966’ అని ఉన్న రైఫిల్ మన త్రీ నాట్ త్రీయేనా?

మీరడిగినవి మూడు ప్రశ్నలు. డాలస్ గన్ షోలో ఒక పాత రైఫిల్ చూశారు. దాని మీద ‘ఆర్.ఎఫ్.ఐ. 1966’ అని ముద్ర ఉంది. అమ్మేవాడు దాన్ని ‘ఇండియన్ ఎన్‌ఫీల్డ్’ అన్నాడు. మీ తాతగారు పోలీసు ఉద్యోగంలో మోసిన త్రీ నాట్ త్రీ ఇదేనా అన్నది మొదటి ప్రశ్న. 1857లో ఆవు కొవ్వు, పంది కొవ్వు గొడవ లేపిన ఎన్‌ఫీల్డ్ ఇదేనా అన్నది రెండోది. ఇంత పాత తుపాకీని మనవాళ్లు మొన్నమొన్నటి దాకా ఎందుకు మోశారన్నది మూడోది. మొదటి రెండింటికీ జవాబు ‘కాదు’. మూడోదానికి కథ పెద్దది. టీ తెచ్చుకుని కూర్చోండి.

నేను కోస్తాలో ఒక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి రిటైరయ్యాను. తుపాకులు కాల్చిన దానికంటే విప్పి బిగించింది ఎక్కువ. కాల్చినవాడు చప్పుడు గురించీ, భుజానికి తగిలే గుద్దు గురించీ చెబుతాడు. విప్పినవాడికి దాని గుణం, దోషం తెలుస్తాయి. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ‘త్రీ నాట్ త్రీ’లో నాట్ అంటే చాలామంది ‘లేదు’ అనుకుంటారు. ఇంగ్లీషులో సున్నాకు అదొక పాత పేరు. బ్యారెల్ లోపలి వ్యాసం 0.303 అంగుళం, మన లెక్కలో 7.7 మిల్లీమీటర్లు. అంతే.

ముందు మీరు చూసిన రైఫిల్ సంగతి. ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ, ఇచ్ఛాపూర్. మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు, కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇచ్ఛాపూర్. 1966 ముద్ర ఉండి, కింద తూటాలుండే మ్యాగజైన్ పెట్టె చతురస్రంగా, అడుగు సమంగా ఉంటే అది ‘2ఏ1’ అనే రైఫిల్. దాని తూటా 7.62 ఎంఎం నాటో. త్రీ నాట్ త్రీ మ్యాగజైన్ అయితే అడుగు ఏటవాలుగా ఉంటుంది. పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడు కూడా తేడా చెప్పేస్తాడు. పాత 303లనే లోపల తొలిచి 7.62గా మార్చారని అమెరికాలో ఒక ప్రచారం ఉంది. అది నిజం కాదు. 7.62 తూటా ఒత్తిడి ఎక్కువ కాబట్టి దీన్ని మెరుగైన ఉక్కుతో కొత్తగా తయారు చేశారు. కొనాలనుకుంటే ఒకటే జాగ్రత్త: అందులో 303 తూటా పెట్టే ప్రయత్నం చేయకండి, కాల్చేముందు అక్కడి గన్‌స్మిత్ చేత హెడ్‌స్పేస్, అంటే బోల్టుకీ తూటా కూర్చునే గదికీ మధ్య ఎడం చూపించండి. యాభై అరవై ఏళ్ల తుపాకీ అది. ఎన్ని చేతులు మారిందో, దాని బోల్టు (తూటా వెనక మూసే ఉక్కు కడ్డీ) దానిదేనో కాదో ముద్ర చూసి చెప్పలేం.

ఇక 1857. ఎన్‌ఫీల్డ్ అనేది ఊరి పేరు. లండన్‌కు ఉత్తరాన ఎన్‌ఫీల్డ్ లాక్ అనే చోట బ్రిటిష్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పుట్టిన చాలా తుపాకులకు ఆ పేరే. 1857 నాటిది ‘1853 నమూనా’ ఎన్‌ఫీల్డ్. దానికి మ్యాగజైన్ లేదు, బోల్టు లేదు. కాగితంలో చుట్టిన మందూ గుండూ, ఆ కాగితాన్ని పళ్లతో చించి, మందు మూతి వైపు నుంచి పోసి, గుండును కడ్డీతో కూరాలి. ఆ కాగితానికి పూసిన కొవ్వు గురించే పుకారు. అది మొదలైంది డమ్‌డమ్‌లో. మంగళ్ పాండే తిరగబడింది 1857 మార్చి 29న బారక్‌పూర్‌లో. మీ త్రీ నాట్ త్రీ పూర్తి పేరు లీ-ఎన్‌ఫీల్డ్. అది 1895 నాటిది. రెండింటికీ ఊరి పేరు తప్ప చుట్టరికం లేదు.

అన్నట్టు మన బుల్లెట్ బండికి కూడా ఈ ఊరి పేరే. ఆ బండి మొదలుపెట్టిన ఇంగ్లండు సైకిళ్ల కంపెనీవాళ్లు 1890ల్లో ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీకి తుపాకీ భాగాలు సరఫరా చేశారు. ఆ గొప్ప చెప్పుకోవడానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకున్నారు, ఫిరంగి బొమ్మ వేసుకున్నారు. 1955 నుంచి మద్రాసులో తయారై మన ఊళ్లలో దడదడలాడుతున్నది ఆ పేరే.

చుట్టరికం లేదన్నాను గానీ 1857కీ, మీ మూడో ప్రశ్నకీ గట్టి సంబంధం ఉంది. తిరుగుబాటు అణిగాక బ్రిటిష్‌వాళ్లు ఒక పాఠం నేర్చుకున్నారు: భారతీయుడి చేతికి మంచి తుపాకీ ఇవ్వకూడదు. 1859లో మన సిపాయిల కోసం ఒక ప్రత్యేకమైన ఎన్‌ఫీల్డ్ తయారు చేశారు. చూడ్డానికి అచ్చం రైఫిలే. కానీ బ్యారెల్ లోపల మెలికల గాడులు తీసేశారు. గాడులు గుండును గిరగిరా తిప్పి తిన్నగా పంపుతాయి. అవి లేకపోతే వంద గజాలు దాటాక గుండు ఎటు పోతుందో దానికే తెలియదు. ఆ తర్వాత కూడా అదే పద్ధతి. తెల్ల సైనికుడికి మార్టిని రైఫిల్ వస్తే మనవాడికి అంతకు ముందు తరం స్నైడర్. తెల్లవాడికి లీ-మెట్‌ఫర్డ్ వస్తే మనవాడికి అతను వదిలేసిన మార్టిని. అన్న చొక్కా తమ్ముడికి వచ్చినట్టు ఒక తరం వెనక నడిపించారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

లీ అనేది మనిషి పేరు. జేమ్స్ పారిస్ లీ, 1831లో స్కాట్లండ్‌లోని హావిక్‌లో పుట్టాడు, చిన్నప్పుడే కుటుంబంతో కెనడా వెళ్లాడు, తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు. 1879లో అతను పేటెంటు తీసుకున్న ఆలోచన చాలా సాదాది. బోల్టు కింద ఒక రేకు పెట్టె, అందులో స్ప్రింగు, ఒకదాని మీద ఒకటి తూటాలు. బోల్టు వెనక్కి లాగి ముందుకు తోస్తే పైనున్న తూటా బ్యారెల్ వెనకున్న పేలే గదిలోకి వెళ్తుంది. ఇప్పుడు ఏకే 47 కింద వంకీ తిరిగి వేలాడే మ్యాగజైన్ కూడా ఆ రేకు పెట్టె వంశమే. బ్రిటన్ 1888లో లీ బోల్టుకు మెట్‌ఫర్డ్ అనే ఇంజినీరు గాడుల బ్యారెల్ కలిపి లీ-మెట్‌ఫర్డ్ చేసింది. అప్పటిదాకా వాడింది నల్లటి తుపాకిమందు. తర్వాత కార్డైట్ అనే కొత్త తుపాకిమందు వచ్చింది. పొగ రాదు గానీ మంట తీవ్రత ఎక్కువ, మెట్‌ఫర్డ్ లోతులేని గాడులు దానికి తొందరగా అరిగిపోయాయి. ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ లోతైన ఐదు గాడుల బ్యారెల్ చేసింది. ఆ పెళ్లితో 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ పుట్టింది.

పుట్టగానే పరువు పోగొట్టుకుంది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ల (అక్కడి డచ్చి సంతతి రైతుల) మీద యుద్ధం మొదలైంది. బోయర్ల చేతుల్లో జర్మన్ మౌజర్లు. ఐదు తూటాలు ఒక క్లిప్పుకు గుచ్చి ఉంటాయి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే ఐదూ లోపలికి. బ్రిటిష్‌వాడి మ్యాగజైన్‌లో పది పట్టినా ఒక్కొక్కటే పెట్టుకోవాలి. పైగా కొన్ని రైఫిళ్లకు గురి చూసే సైటు తప్పుగా అమర్చారు, 500 గజాల దూరంలో గుండు అడుగున్నర పక్కకి పోయేది. గురి చూసినవాడి తప్పేం లేదు, ఫ్యాక్టరీ తప్పు. రైతుల చేతిలో సామ్రాజ్యం దెబ్బలు తింది. ఆ అవమానం నుంచి వచ్చిందే అసలైన త్రీ నాట్ త్రీ. పాతదాన్ని దాదాపు ఐదు అంగుళాలు తగ్గించి, కాల్బలానికీ గుర్రపు దళానికీ ఒకే రైఫిల్ అన్నారు, క్లిప్పు పెట్టే ఏర్పాటు చేశారు. 1907లో వచ్చిన మార్క్ 3 తోటి దాని రూపం స్థిరపడింది. మూతి దాకా కర్ర తొడుగు, చివర మొద్దు ముక్కు, దాని కింద 17 అంగుళాల కత్తిలాంటి బయోనెట్. మా స్టోర్‌లో ఆ బయోనెట్లు చూసి కొత్త కుర్రాళ్లు ‘సార్, ఇది కత్తా, తుపాకీకి తగిలించేదా’ అనేవారు.

ఇప్పుడు కాసేపు నన్ను ఆర్మరర్‌గా మాట్లాడనివ్వండి.

మౌజర్ గొప్పదా, లీ గొప్పదా అని ఇంటర్నెట్‌లో రాత్రింబగళ్లు కొట్టుకుంటారు. మౌజర్ బోల్టుకు తాళం వేసే చెవులు ముందు భాగంలో, తూటా వెనకే ఉంటాయి. పట్టు బలంగా ఉంటుంది. లీ బోల్టుకు చెవులు వెనక వైపు. అందువల్ల పేలినప్పుడు బోల్టు వెంట్రుకవాసి కుదించుకుంటుంది. బలంలో మౌజర్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ చెవులు వెనకుండటం వల్ల లీ బోల్టు ప్రయాణం తక్కువ. మౌజర్ పిడిని 90 డిగ్రీలు ఎత్తాలి, లీ పిడికి సుమారు 60 చాలు. పిడి సరిగ్గా ట్రిగ్గర్ మీదే ఉంటుంది, చెయ్యి దూరం జరగక్కర్లేదు. మౌజర్‌లో (1898 నమూనాలో) పిడి ఎత్తేటప్పుడే స్ప్రింగు బిగుస్తుంది. లీలో బోల్టు ముందుకు తోసేటప్పుడు బిగుస్తుంది. వేడెక్కి, కాల్చిన తూటా ఖాళీ కేసు (ఇత్తడి గొట్టం) అతుక్కుపోయిన వేళ ఈ తేడా తెలుస్తుంది. లాగడానికి మొత్తం బలం మిగిలే ఉంటుంది. బోల్టు ముఖం దాకా రాదు కాబట్టి చెంప బట్టు (భుజానికి ఆనించే కర్ర) మీంచి తియ్యకుండానే తర్వాతి గుండు కాల్చొచ్చు. పది తూటాలు. తొందరలో ఇది మౌజర్‌ను మించిపోతుంది.

దోషం కూడా చెప్పాలి. 303 తూటా కేసుకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందిదాని అంచుకు ముందుండాలి. వెనక పడిందా, పైది ముందుకు కదలదు, కిందిదాన్ని పట్టుకుని మొరాయిస్తుంది. ఒకసారి యానువల్ ఫైరింగ్‌లో ఒక కొత్త కానిస్టేబుల్‌కు ఇలాగే జరిగింది. డీఎస్పీ వెనకే నిలబడి ఉన్నాడు. కుర్రాడు టెన్షన్‌లో బోల్టును అరచేత్తో బాదడం మొదలెట్టాడు. నేను పరుగెత్తుకెళ్లి రైఫిల్ లాక్కుని, మ్యాగజైన్ ఊడదీసి, తూటాలు నేలమీద పోసి, మళ్లీ వరసగా పెట్టి ఇచ్చాను. క్లిప్పులో పెట్టేటప్పుడే ఒకటి కిందకీ ఒకటి పైకీ, మళ్లీ కిందకీ పైకీ, చివరిది కిందకీ పెడితే ఈ బాధ చాలావరకూ ఉండదు. ఇంకోటి, బోల్టులు మార్చకూడదు. ప్రతి బోల్టు మీదా దాని రైఫిల్ నంబరే ఉంటుంది. నాలుగు రైఫిళ్లు ఒకేసారి విప్పి, కడిగి, బోల్టులు కలగాపులగం చేసిన సెంట్రీలతో నేను పడ్డ గొడవలు అన్నీ ఇన్నీ కావు. బయటికి ఏం తెలియదు, బోల్టు చక్కగా పడుతుంది. కానీ బోల్టు ముఖానికీ గదికీ మధ్య ఎడం మారిపోతుంది. కేసు చిట్లి, గ్యాసు మొహాన కొట్టిన రోజు తెలుస్తుంది.

శుభ్రం చేయడానికి బట్టు వెనక ఇత్తడి మూత కింద చిన్న అర ఉంటుంది. అందులో నూనె బుడ్డి, ఒక కొసన ఇత్తడి బరువు కట్టిన తాడు. ఆ తాడు పేరు పుల్‌త్రూ, దానికి కట్టే గుడ్డముక్క పేరు చిందీ. పాత తూటాల్లో ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే చిన్న టోపీ) మండితే ఉప్పులాంటి మడ్డి మిగిలేది. దానికి నూనె పనిచెయ్యదు, మరిగే నీళ్లు పొయ్యాలి. మా కోస్తా గాలికి, కాల్చిన రాత్రి కడగకపోతే తెల్లారేసరికి బ్యారెల్‌లో ఎర్రటి పూత. మగ్గుతో వేణ్ణీళ్లు పోస్తూ ఉంటే మా ఆవిడ ‘పసిపిల్లలకు కూడా ఇంత సేవ చెయ్యలేదు’ అనేది.

మార్క్ 3 గొప్ప పేరు తెచ్చుకున్నది 1914 ఆగస్టు 23న, బెల్జియంలోని మోన్స్ దగ్గర. బ్రిటిష్ సైన్యం చిన్నది గానీ జీతానికి చేరిన వృత్తి సైనికులు. 300 గజాల దూరాన నిమిషానికి 15 గుండ్లు గురితో కాల్చాలని వాళ్లకు శిక్షణ. చాలామంది అంతకంటే ఎక్కువే కాల్చేవారు. గుంపుగా నడిచొచ్చిన జర్మన్ దళాలు ఎదుట మెషిన్ గన్లున్నాయని అనుకున్నాయట. నిజానికి బ్రిటిష్ బెటాలియన్‌కు మెషిన్ గన్లు రెండే. తమాషా ఏమిటంటే, అప్పటికి బ్రిటిష్ అధికారులు ఈ రైఫిల్‌ను తీసేసి మౌజర్ తరహాది తెద్దామని నమూనా కూడా తయారు చేసి పెట్టుకున్నారు. యుద్ధం ముంచుకొచ్చింది కాబట్టి ఉన్నదే లక్షలకొద్దీ చెయ్యాల్సి వచ్చింది. యుద్ధమే దీన్ని బతికించిందనుకోండి. మొదట్లో మ్యాగజైన్‌కు అడ్డంగా ఒక రేకు ఉండేది. సిపాయి తూటాలు తగలేస్తాడని భయం, అందుకని మామూలప్పుడు ఒక్కొక్కటే పెట్టి కాల్చాలి, పదీ ఆపదకు దాచాలి. 2,800 గజాలకు గురి పెట్టే ఒక సైటు కూడా పక్కన ఉండేది. రెండున్నర కిలోమీటర్లలో ఎవడికి ఎవడు కనిపిస్తాడు? 1916లో ఈ రెండూ పీకేశారు. ఎవరూ బాధపడలేదు.

అదే 1914 సెప్టెంబరు, అక్టోబరుల్లో మన లాహోర్, మీరట్ డివిజన్లు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగాయి. దిగీదిగగానే పాత తూటాకు సరిపోయే పాత రైఫిళ్లు తీసుకుని, కొత్త మార్క్ 7 తూటాకు తగినవి చేతికిచ్చారు. కొత్త రైఫిల్ చేతికొచ్చిన కొద్దివారాలకే ఫ్లాండర్స్ కందకాల్లోకి పంపారు. ఒక తరం వెనక అన్నానే, అది ఇలా కనిపిస్తుంది.

తూటా మాట వచ్చింది కాబట్టి డమ్‌డమ్ బుల్లెట్ సంగతి. మొదటి 303 గుండుకు పూర్తిగా లోహపు తొడుగు. వాయవ్య సరిహద్దులో అది మనిషిలోంచి సూదిలా దూసుకుపోతోంది, ఆగడం లేదని సైనికాధికారులు ఫిర్యాదు చేశారు. 1890ల్లో డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బెర్టీ-క్లే గుండు ముక్కు దగ్గర తొడుగు తీసేసి లోపలి సీసం బయటపెట్టాడు. తగలగానే పువ్వులా విచ్చుకుని ఘోరమైన గాయం చేస్తుంది. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది. కొవ్వు పుకారు పుట్టిన డమ్‌డమ్, మంగళ్ పాండే బారక్‌పూర్, 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ పెట్టిన ఇచ్ఛాపూర్, మూడూ కోల్‌కతా ఉత్తరాన ఒకే దారిలో ఉంటాయి. లోకల్ ట్రైన్‌లో ఒక పూటలో చూసి రావచ్చు.

ఈ రైఫిల్ గురించి పొగడ్తలు రాసేవాళ్లు ఒక రోజును దాటేసి పోతారు. నేను దాటలేను. 1919 ఏప్రిల్ 13, జలియన్‌వాలా బాగ్. డయ్యర్ వెంట రైఫిళ్లున్న సిపాయిలు 50 మంది. కాల్చిన తూటాలు 1,650, అన్నీ 303లే. సుమారు పది నిమిషాలు. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో 379, కాంగ్రెస్ విచారణ లెక్కలో దాదాపు వెయ్యి. తూటాల లెక్కలు చూసుకుంటూ బతికినవాణ్ని కాబట్టి నాకు కనిపించేది ఇది: మనిషికి 33 తూటాలు. పది నిమిషాల్లో 33 అంటే నిమిషానికి మూడు. మోన్స్‌లో నిమిషానికి పదిహేను కాల్చిన రైఫిలే ఇది. గుంపును చూసి భయపడి, కంగారులో కాల్చేవాడు నిమిషానికి మూడు కాల్చడు. మ్యాగజైన్ అయిపోతే ఆగి, క్లిప్పు పెట్టి, ఎక్కడ జనం దట్టంగా ఉన్నారో అక్కడికి చెప్పించుకుని కాల్చిన వేగం అది. కాల్చిన సిపాయిలు మనవాళ్లే అన్నది ఇంకా మింగుడు పడని సంగతి.

సైన్యంలోని సిపాయికి 303 ఇచ్చినా, జిల్లా పోలీసుకు ఇవ్వడానికి మాత్రం చాలాకాలం మనసొప్పలేదు. దానికి ఇచ్ఛాపూర్‌లో ఒక ఉపాయం చేశారు. అదే లీ-ఎన్‌ఫీల్డ్ తీసుకుని, బ్యారెల్ గాడులు పోయేలా తొలిచి, మ్యాగజైన్‌లో కర్రముక్క బిగించి, ఒక్కొక్క తూటా పెట్టే 410 బోర్ మస్కెట్‌గా మార్చారు. దాని తూటా వేరు. మామూలు 303 దొరికినా అందులో పనికిరాదు, దీన్ని ఎత్తుకెళ్లినవాడికి ఇది సగం తుపాకీయే. 1859 నాటి తెలివే, అరవై డెబ్భై ఏళ్ల తర్వాత మళ్లీ. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన కథ అందరికీ తెలుసు. ఆ తుపాకులనగానే చాలామంది త్రీ నాట్ త్రీలే అనుకుంటారు. జిల్లా పోలీసుకు 303 ఇవ్వడానికి ప్రభుత్వానికి మనసొప్పేది కాదని గుర్తుపెట్టుకుని ఆ కథ చదవండి.

ఇదే భయం మన లైసెన్సు తుపాకుల్లో ఇప్పటికీ ఉంది. సైన్యం వాడే బోరు పౌరుడి దగ్గర ఉండకూడదు. అందుకే 303 ఇప్పటికీ ‘ప్రొహిబిటెడ్ బోర్’. దానికి బదులు 315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్ వచ్చింది. బోల్టు లీ-ఎన్‌ఫీల్డ్ తరహాదే, తూటా మాత్రం వేరు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్ తేలిగ్గా తయారయ్యే నంబర్ 4 రైఫిల్‌కు మారింది. సైటు వెనక్కి, కంటి దగ్గరికి జరిపారు. మూతి దగ్గర కాస్త బ్యారెల్ బయటికి కనిపిస్తుంది. కెనడాలో లాంగ్ బ్రాంచ్‌లో, అమెరికాలో సావేజ్ కంపెనీలో కూడా చేశారు. ఇచ్ఛాపూర్ మాత్రం పాత మార్క్ 3 స్టార్‌నే (1916లో ఆ రెండూ పీకేసిన మార్క్ 3నే) చేసుకుంటూ పోయింది. కోహిమాలో, ఇంఫాల్‌లో జపాన్‌వాళ్లను ఆపిన మన జవాన్ల చేతుల్లో, 1947లో కాశ్మీర్‌లో, 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీదికి వచ్చిన సైన్యం చేతుల్లో అదే.

ఇక 1962. ఇప్పుడు తెల్లదొర లేడు, నిర్ణయాలన్నీ మనవే. చైనా సైనికుడి చేతిలో ట్రిగ్గర్ నొక్కితే దానంతటదే తర్వాతి తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్. మన జవాను చేతిలో ప్రతి గుండుకూ బోల్టు లాగాల్సిన 303. నవంబరు 18న లద్దాఖ్‌లో రెజాంగ్ లా కనుమ దగ్గర, 16 వేల అడుగుల పైన, మేజర్ షైతాన్ సింగ్ నాయకత్వంలో 13 కుమావ్ చార్లీ కంపెనీ పోరాడింది. సుమారు 120 మందిలో 114 మంది అక్కడే ప్రాణాలు వదిలారు. రైఫిల్ చెడ్డది కాబట్టి పోయారని నేననను. కానీ గడ్డకట్టిన వేళ్లతో బోల్టు లాగడం ఏమిటో ఒక్కసారి ఊహించండి. బ్రిటన్ తన సైన్యానికి 1950ల చివర్లోనే సెమీ ఆటోమేటిక్ ఇచ్చేసింది. ఒక తరం వెనక ఉండటం మనకు ఎంత అలవాటైపోయిందంటే, వెనక ఉంచేవాడు వెళ్లిపోయినా మనం ముందుకు జరగలేదు.

ఆ దెబ్బతో ఇచ్ఛాపూర్‌లో ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్, సెమీ ఆటోమేటిక్) మొదలైంది. అది అందరికీ అందడానికి ఏళ్లు పడుతుంది, అదే 7.62 తూటాతో పనిచేసే సులువైన రైఫిల్ ఒకటి కావాలి. అలా పుట్టింది మీరు డాలస్‌లో చూసిన 2ఏ1. మొదట వచ్చిన 2ఏలో సైటుకు 2,000 మీటర్ల దాకా గుర్తులున్నాయి, 2ఏ1లో 800కు తగ్గించారు. ప్రపంచమంతా బోల్టు రైఫిళ్లు పక్కన పడేస్తున్న రోజుల్లో మామూలు సిపాయి కోసం ఒక దేశం కొత్తగా చేసిన బోల్టు రైఫిల్ అది. మీ గన్ షోలో దానికి గిరాకీ ఉండటానికి కారణం కూడా అదే కావచ్చు.

సైన్యం వదిలిన 303లు ఎక్కడికి పోయాయి? మాకు. అన్న చొక్కా తమ్ముడికి, మళ్లీ. నేను చేరేటప్పటికి బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (తుపాకులు దాచే గదిలో) వరసగా గొలుసు వేసి ఉన్నవన్నీ అవే. నక్సల్ భయం ఉన్న చోట్లకు ముందుగా ఎస్ఎల్ఆర్‌లు, ఏకేలు వచ్చాయి. మిగతా స్టేషన్లకు 303 చాలన్నారు. పేపర్లో ఎన్‌కౌంటర్ వార్త చివర ‘ఘటనా స్థలంలో ఒక 303 రైఫిల్, రెండు తపంచాలు దొరికాయి’ అని చదివినప్పుడల్లా, అది ఏ స్టేషన్ నుంచి పోయిందో అని నా మనసు నంబరు వెతికేది. 2008 నవంబరు 26న ముంబై సీఎస్‌టీలో ఏకేలతో దిగినవాళ్ల ఎదుట రైల్వే పోలీసుల దగ్గరున్నవి లాఠీలు, కొన్ని 303లు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో దానికి వీడ్కోలు చెప్పారు. అంటే మార్క్ 3 పుట్టిన 113 ఏళ్లకు.

మరి అంతకాలం పనికొచ్చిందంటే మంచిదే కదా అంటారు. మంచిదే. కానీ మంచిది కావడం, ఎక్కువకాలం ఉండటం రెండూ ఒకటి కాదు. కెనడా ఉత్తరాన మంచు ప్రాంతాల్లో గస్తీ తిరిగే రేంజర్లు నంబర్ 4ను 1947 నుంచి దాదాపు డెబ్భై ఏళ్లు వాడారు. అక్కడ ఎదురయ్యేది ధ్రువపు ఎలుగుబంటి, చలికి మొరాయించని తుపాకీ కావాలి. అది తెలిసి ఎంచుకోవడం. అఫ్గాన్‌లు 1980ల్లో సోవియట్ సైన్యం మీద, 1971 మార్చి 25 రాత్రి ఢాకా రాజార్‌బాగ్‌లో బెంగాలీ పోలీసులు పాకిస్తాన్ సైన్యం మీద ఇదే పట్టారు. అది ఉన్నదానితో తెగించడం. మా స్టేషన్లలో అది ఉండటం ఈ రెండూ కాదు. బడ్జెట్‌లో ఆ లైను ఎవరూ మార్చలేదు, అంతే.

అయినా దాన్ని మేం రకరకాలుగా వాడుకున్నాం. కొన్నింటి ముందు భాగానికి రాగితీగ చుట్టి, మూతికి గిన్నె బిగించి గ్రెనేడ్లు, టియర్ గ్యాస్ విసరడానికి. వాటిని జీఎఫ్ (గ్రెనేడ్ ఫైరింగ్) రైఫిళ్లనేవాళ్లం. అరిగిపోయినవాటి గదికి చిల్లు పొడిచి, తెల్ల పట్టీలు వేసి డ్రిల్లుకు. మీలో ఎన్‌సీసీ చేసినవాళ్లు ఎండలో భుజాన మోసింది చాలావరకు ఆ చచ్చిన రైఫిల్‌నే. అధికార లాంఛనాలతో అంత్యక్రియలంటే మా గార్డు గాల్లోకి కాల్చేది కూడా 303 బ్లాంకులే (గుండు లేని తూటాలే). బ్లాంకుకూ చేత్తో బోల్టు లాగాలి కదా, పదిమందివీ ఒకే చప్పుడుగా పడాలని ముందురోజు సాయంత్రం ప్రాక్టీసు చేయించేవాణ్ని. ఖాళీ కేసులు లెక్క తప్పకూడదు. శ్మశానంలో దీపం పట్టుకుని ఒక ఇత్తడి కేసు కోసం గడ్డిలో వెతికిన రాత్రులున్నాయి.

చివరగా మీ తాతగారి సంగతి. యూనిఫాంలో ఫొటో ఉంటే రైఫిల్ మూతి చూడండి. కర్ర చివరిదాకా వచ్చి మొద్దుగా ఆగితే మార్క్ 3, కాస్త బ్యారెల్ బయటికొస్తే నంబర్ 4. కానీ నేను చెప్పిన 410 మస్కెట్ కూడా ఫొటోలో అచ్చం మార్క్ 3 లాగే ఉంటుంది. అది ఫొటో తేల్చదు. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆయన్నే అడగండి: ఐదేసి తూటాలు క్లిప్పుతో ఒక్క నొక్కులో నింపేవారా, కాల్చిన ప్రతిసారీ ఒక్కొక్కటే చేత్తో పెట్టేవారా? ఒక్కొక్కటే అంటే ఆయన మోసింది త్రీ నాట్ త్రీ కాదు, దాని వేషం వేసిన మస్కెట్. ఆ ముక్క ఆయనతో కాస్త నెమ్మదిగా చెప్పండి.